మా వీధి కాలువకు పట్టిన రెండేళ్లు: విశాఖలో కాలనీ కమిటీ అనుభవం

మేం అడిగింది 180 మీటర్ల వాననీటి కాలువ. 2023 డిసెంబరులో అడిగాం. 2025 సెప్టెంబరు చివరికి దాని మీద మూతలు పడ్డాయి. ఈ మధ్యలో కాగితం ఏ దశలో ఎవరి బల్ల మీద ఉంటుంది, ఎందుకు ఆగుతుంది, కాలనీ జనం మాట ఎక్కడ చెల్లుతుంది అన్నవి వరుసగా రాస్తున్నాను. ఇలాంటి పని మొదలుపెట్టబోతున్న కాలనీలకు, ముఖ్యంగా కొండ కింద ఉన్నవాళ్లకు ఇది పనికొస్తుంది.

మా కాలనీ సింహాచలం కొండల వరుస కింద, వాలులో ఉంది. మూడు వరుసల్లో 42 ఇళ్లు. పై వరుస వెనక కొండ, కింది వరుస ముందు గెడ్డ, అంటే కొండవాగు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుఫానుకు విశాఖలోనూ గట్టి వానలు పడ్డాయి. కొండ మీది ఎర్రమన్ను పాత కాలువను సగం దాకా పూడ్చేసింది. నీళ్లు రోడ్డెక్కి మధ్య వరుస ఇళ్లలోకి వచ్చాయి. అంతకుముందు కూడా వచ్చేవి కానీ, బియ్యం డబ్బాల దాకా రావడం అప్పుడే.

కాలనీ సంఘానికి రిజిస్ట్రేషన్ ముందే ఉంది. లేనివాళ్లు 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులతో చేయించుకోవచ్చు. అయితే ఒక్క పని కోసం సంఘం మొత్తం కదలదు. అందుకని డిసెంబరు మూడో వారంలో పదకొండు మందితో కాలువ కమిటీ వేసుకున్నాం. వరుసకు ఇద్దరేసి, డ్వాక్రా సంఘాల నుంచి ఇద్దరు అక్కలు, కిరాణా కొట్టాయన, ఒక తాపీమేస్త్రి, ఒక రిటైరైన సర్వేయరు గారు. మేస్త్రిని కమిటీలో పెట్టుకోవడం వల్ల తర్వాత ఎంత మేలు జరిగిందో చెప్పలేను. డ్వాక్రా అక్కల వల్ల మరో మేలు జరిగింది. ఇంటింటికీ తిరిగి మాట్లాడే అలవాటు వాళ్లకే ఉంది. మగవాళ్లు మీటింగు పెడితే పదిమంది వస్తారు, అక్కలు చెబితే ఇంటికొకరు వస్తారు.

చట్టంలో పౌరుల కమిటీలకు చోటుందని విన్నవాళ్లకు ఒక మాట. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని అందులోని 243ఎస్ అధికరణం చెబుతుంది. మేం పని మొదలుపెట్టేనాటికి విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో 98 వార్డులున్నాయి. మాలాంటి కాలనీ కమిటీ ఆ వార్డు కమిటీ కాదు. మాకు సంతకం చేసే అధికారం లేదు, నిధి లేదు. అడగడం, కొలవడం, దగ్గరుండి చూడడం మాత్రమే మా చేతిలో ఉన్నాయి. ఆ మూడింటినీ సరైన సమయంలో చేస్తే చాలా సాగుతుంది. ఆ సమయాలు రెండే: అంచనా తయారయ్యే ముందు, కాంక్రీటు పడేటప్పుడు. మిగతా కాలమంతా ఎదురుచూపే.

అర్జీ రాయకముందు కొలతలు తీసుకున్నాం. 2024 జనవరి మొదటి రెండు వారాలు దానికే పోయాయి. సర్వేయరు గారు, మేస్త్రి కలిసి 30 మీటర్ల టేపుతో, నీళ్ల గొట్టంతో కాలువ అడుగు మట్టాలు పది మీటర్లకు ఒకటి చొప్పున తీశారు. అక్కడే అసలు సంగతి బయటపడింది. కాలువ మొదలు నుంచి గెడ్డలో కలిసేచోటికి మొత్తం 1.1 మీటర్ల పల్లం ఉంది. అంటే వాలుకు లోటు లేదు. కానీ 120వ మీటరు దగ్గర ఎప్పుడో వేసిన నీళ్ల పైపు కోసం కాలువ అడుగును దిమ్మలా ఎత్తు చేశారు. అక్కడి నుంచి 20 మీటర్ల మేర వాలు ఎదురు తిరిగింది. ప్రతి వానకూ మధ్య వరుసలోకే నీళ్లు ఎందుకు వస్తున్నాయో అప్పుడు అర్థమైంది. ఏళ్ల తరబడి చెత్త వేస్తున్నారని ఒకరినొకరు తిట్టుకున్నాం. చెత్త కూడా కారణమే, కానీ పెద్ద కారణం ఆ దిమ్మ.

తర్వాత లెక్క వేశాం. ఇది ఇంజినీర్లు చేసే లెక్కే, కానీ మన దగ్గరా ఉంటే మాట్లాడటం తేలిక. మా వీధిలోకి దిగే కొండ భాగం సుమారు 6 హెక్టార్లు. గంటకు 50 మి.మీ. వాన పడితే, అందులో పదింట ఏడు వంతులు ఇంకకుండా దిగుతుందనుకుంటే, సెకనుకు సుమారు 580 లీటర్ల నీరు వస్తుంది. పాత కాలువ వెడల్పు 45 సెం.మీ., లోతు 45 సెం.మీ. 200కు 1 వాలుతో (200 మీటర్ల పొడవుకు 1 మీటరు పల్లం), పూడిక లేకుండా, అంచుదాకా నిండి పారినా అది మోయగలిగేది సెకనుకు 270 లీటర్లు. వచ్చేదాంట్లో సగం కూడా కాదు. అదే వాలుకు 60 సెం.మీ. వెడల్పు, 60 సెం.మీ. నీటి లోతు ఉంటే 580 లీటర్లు పోతాయి. పైన 15 సెం.మీ. ఖాళీ వదిలితే కాలువ లోతు 75 సెం.మీ. కావాలి. "కాలువ బాగు చేయండి" అని అడిగేదానికీ "60 వెడల్పు, 75 లోతు, 200కు 1 వాలు, 120 దగ్గర దిమ్మ తీయాలి" అని అడిగేదానికీ తేడా ఎంతుందో తర్వాత చూశాం.

ప్రతి ఇంటి గోడ మీదా తుఫాను నీటి మరక ఎంత ఎత్తుందో సుద్దతో గీసి ఫొటో తీశాం. ఫొటోలో టేపు కనబడాలి. టేపు లేని ఫొటోను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

జనవరి మూడో వారంలో వార్డు సచివాలయంలో వీధి సౌకర్యాలు చూసే ఎమినిటీస్ సెక్రటరీ గారికి అర్జీ ఇచ్చి రసీదు నంబరు తీసుకున్నాం. ఒక కాపీ కార్పొరేటర్ గారికి, ఒకటి జోన్ కార్యాలయానికి. 42 ఇళ్ల సంతకాలు, ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబర్లతో సహా జతచేశాం. అసెస్‌మెంట్ నంబరు ఉంటే ఆ ఇల్లు లెక్కలో ఉన్నట్టే. మాకు తెలియనిది ఒకటి అప్పుడే తెలిసింది. కార్పొరేటర్ గారి సిఫార్సు లేఖ, ఇంజినీరింగ్ విభాగం అంచనా రెండూ ఒకే ఫైలులో కలవాలి. ఒకటి ముందు, ఒకటి వెనక నడిస్తే రెండోదాని కోసం మొదటిది ఆగుతుంది. అందుకని లేఖ మీదా అర్జీ మీదా ఒకే పని పేరు, అక్షరం తేడా లేకుండా రాయించాం. పని పేరు మారితే ఫైలు వేరైపోతుంది.

ఫిబ్రవరి రెండో వారంలో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు స్థలం చూడటానికి వచ్చారు. మా కొలతల కాగితం చూసి, తన ఆటో లెవెల్ పరికరంతో మళ్లీ తీయించారు. మావాటికీ వాటికీ తేడా 3 సెం.మీ. లోపే. ఆ రోజు సర్వేయరు గారి ముఖం చూడాలి. రిటైరై ఏడేళ్లయింది, మళ్లీ ఒకరు ఆయన లెక్కను లెక్కగా చూశారు.

అప్పుడే కమిటీలో పెద్ద పేచీ వచ్చింది. కాలువ వెడల్పు చేస్తే పైవాళ్ల నీళ్లన్నీ వేగంగా మా మీద పడతాయని కింది వరుసవాళ్ల భయం. అది వట్టి అనుమానం కాదు. పైన వెడల్పు చేసి, గెడ్డలో కలిసేచోట ఇరుకుగా వదిలితే సరిగ్గా అదే జరుగుతుంది. కింది వరుసలోని ఒక పెద్దావిడ అడిగింది: "కాలువ ఎక్కడ మొదలెడతారో తర్వాత చెప్పు బాబూ, నీళ్లు ఎక్కడ పడతాయో ముందు చెప్పు." ఆ మాటతో మా కోరికల జాబితా తిరగబడింది. పని గెడ్డ వైపు నుంచి మొదలై పైకి రావాలి, చివరి పది మీటర్లు 90 సెం.మీ. వెడల్పు ఉండాలి, గెడ్డలో పడేచోట గట్టు కోసుకుపోకుండా రాతి పరుపు వేయాలి అని మూడు మాటలు చేర్చాం. ఏఈ గారు మూడూ ఒప్పుకున్నారు. కింది వరుసవాళ్లు ఈ కొత్త జాబితా మీద సంతకం పెట్టింది ఆ తర్వాతే.

అంచనా డ్రాఫ్టు మార్చి మొదటి వారంలో తయారైంది. మార్చి 16న సార్వత్రిక ఎన్నికల షెడ్యూలు వచ్చింది, కోడ్ మొదలైంది. కోడ్ ఉన్నప్పుడు నేల మీద అప్పటికే మొదలైన పనులు సాగుతాయి కానీ కొత్తవి మంజూరు కావు. మే 13న పోలింగు, జూన్ 4న ఫలితాలు. జూన్ మొదటి వారం దాటేదాకా మా కాగితం కదలలేదు. అది తీరిందనుకునేసరికి జులై 30న విశాఖ స్థానిక సంస్థల ఎమ్మెల్సీ ఉప ఎన్నిక షెడ్యూలు. ఓటు వేసేది కార్పొరేటర్లు, కౌన్సిలర్లు, ఎంపీటీసీలు, జెడ్పీటీసీలే అయినా కోడ్ జిల్లాకంతటికీ వర్తిస్తుంది. అది ఏకగ్రీవం కావడంతో ఆగస్టు మధ్యలోనే ముగిసింది. ఎవరి తప్పూ లేకుండా ఐదు నెలలు గడిచిపోతే ఆ విసుగును ఎవరి మీద చూపించాలో తెలియదు. కమిటీ మీటింగులకు వచ్చేవాళ్లు ఆరుగురికి తగ్గారు. డ్వాక్రా అక్కలిద్దరూ మాత్రం మానలేదు.

2024 సెప్టెంబరు మొదట్లో వానలు మళ్లీ ముంచెత్తాయి. ఏఈ గారికి ఫోన్ చేస్తే వానలోనే వచ్చి, నీళ్లు ఎక్కడ పొంగుతున్నాయో స్వయంగా చూశారు. డ్రాఫ్టులో లేని ఒక విషయం ఆ రోజే తెలిసింది. నీళ్లు కాలువ నిండి పొంగడమే కాదు, రోడ్డు మీది నీళ్లు కాలువలోకి దిగడమే లేదు. గతంలో పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు పోసినప్పుడు వాలు మారిపోయింది. దానికితోడు కాలువ గోడ రోడ్డు అంచు కంటే ఎత్తుగా ఉంది. అందుకని కొత్త కాలువ మూతల పైభాగం రోడ్డు అంచు కంటే 2 సెం.మీ. కిందికి ఉండాలని, ప్రతి పదో మూత ఇనుప జాలీ కావాలని అంచనాలో చేర్చారు. కొండ మన్ను పేరుకునేందుకు 30 మీటర్లకు ఒక పూడిక గుంట, అడుగు మట్టం కంటే 30 సెం.మీ. లోతుగా. మా పనిలో అన్నిటికంటే ఉపయోగపడినవి ఈ గుంటలే. ఎర్రమన్ను కాలువంతా పరుచుకోకుండా ఆరుచోట్ల ఆగుతుంది, ఆరుచోట్ల తీస్తే సరిపోతుంది.

అక్టోబరులో అంచనా పూర్తయింది. సాంకేతిక మంజూరు, పాలనా మంజూరు రెండూ వచ్చేసరికి డిసెంబరు చివరి వారం. సమాచార హక్కు (సహ) చట్టం కింద ధ్రువీకరించిన కాపీ తీసుకున్నాం. దరఖాస్తుకు రూ.10, పేజీకి రూ.2. మూడు వారాల్లో వచ్చింది. అడిగితే జిరాక్సు ఇస్తారు, కానీ తర్వాత కాంట్రాక్టరు ముందు పరిచి చూపించడానికి ముద్ర ఉన్న కాపీయే పనికొస్తుంది.

ఆ కాపీ చూసి చాలామంది నిరాశపడ్డారు. మంజూరైంది రూ.15 లక్షలు. పనికి కట్టిన విలువ రూ.12.40 లక్షలు మాత్రమే. ఆ మొత్తం మీద జీఎస్టీ 18 శాతం, అంటే రూ.2.23 లక్షలు. కార్మిక సంక్షేమ సెస్సు 1 శాతం, నిర్మాణ పనుల్లో శిక్షణ ఇచ్చే సంస్థ న్యాక్‌కు 0.1 శాతం. మిగిలింది పరీక్షలకు, చిల్లర ఖర్చులకు. "రెండున్నర లక్షలు ఎవరో తినేశారు" అని వీధిలో పుకారు పుట్టింది. కాపీని గోడకు అంటించి, డ్వాక్రా అక్క చేత ఒక్కో పద్దూ చదివించాం. పుకారు ఆ సాయంత్రానికే పోయింది. లెక్క దాచకుండా అందరి ముందూ పెట్టాలని ప్రతి కమిటీనీ చేతులు జోడించి అడుగుతున్నాను.

2025 జనవరి మూడో వారంలో టెండరు ఆన్‌లైన్‌లో పెట్టారు. గడువు రెండు వారాలు. జనవరి 29న ఉత్తరాంధ్ర ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నిక షెడ్యూలు వచ్చింది, మళ్లీ కోడ్. ఫిబ్రవరి 27న పోలింగు, మార్చి 3న లెక్కింపు. కోడ్ ముగిశాక తెరిచి చూస్తే ఒక్క టెండరూ లేదు. ఇరుకు వీధి, మిక్సరు లారీ రాదు, చేతి పని ఎక్కువ, మొత్తం చిన్నది అని కాంట్రాక్టర్లు ముందుకు రాలేదట. రెండో పిలుపుకు వారం గడువు. అప్పుడు ఇద్దరు వేశారు. తక్కువ వేసినాయన అంచనా విలువ కంటే 11 శాతం తగ్గించారు, అంటే సుమారు రూ.11.04 లక్షలు. డబ్బు ఆదా అయిందని ఎవరో అన్నారు. మా మేస్త్రి మాత్రం ఆ రోజే చెప్పారు: "పదకొండు తగ్గించాడంటే సిమెంటు దగ్గర మనం కూర్చోవాల." ఏప్రిల్ చివర్లో ఒప్పందం అయింది.

పని మొదలవ్వాలంటే ముందు మా వైపు నుంచి కావలసినవి ఉన్నాయి. ఈ భాగం ఎవరూ ముందుగా చెప్పరు. పంతొమ్మిది ఇళ్ల ర్యాంపులు, మెట్లు కాలువ మీదికి ఉన్నాయి. అవి తీసేయాలి. తీసి మళ్లీ కట్టుకోవడానికి ఇంటికి రూ.3,000 నుంచి రూ.7,000 అయింది. అంచనాలో దానికి ఒక్క రూపాయి ఉండదు. ఒక ఇంట్లో చక్రాల కుర్చీ వాడే పెద్దాయన ఉన్నారు. ఆయన ర్యాంపు తీస్తే మూడు నెలలు ఇంట్లోంచి బయటికి రాలేరు. కమిటీ డబ్బుతో రూ.4,800 పెట్టి తీసి వేసుకునే ఇనుప ర్యాంపు చేయించాం. ఆయన ఇంటి ముందు తవ్వకాన్ని చివరికి పెట్టి, నాలుగు రోజుల్లో అడుగు, గోడలు పోసి, ఆ ఇనుప ర్యాంపును మీద వేశారు. మిగతా పద్దెనిమిది ఇళ్లవాళ్లూ ఆ ఇనుప ర్యాంపు తయారవడం చూశాకే తమవి తీశారు.

కుళాయి పైపులు ముప్పై ఒకటి కాలువను అడ్డంగా దాటుతున్నాయి, వాటిలో సగం పైపులు కాలువ లోపలి నుంచే. పైపు పగిలితే మురుగు నీళ్లు కుళాయిలోకి వస్తాయి, పగలకపోతే చెత్త చిక్కుకుంటుంది. వాటిని కాలువ అడుగు కింద నుంచి తొడుగు గొట్టంలో దాటించాలి. ఈ మాటను పని మొదలైన రోజు చెబితే కుదరదు, మట్టి తవ్విన రోజే పైపు పడాలి. ఇంటికి రూ.600 ప్లంబరు ఖర్చయింది. రెండు కరెంటు స్తంభాలు జరపడానికి విద్యుత్ సంస్థ ఈపీడీసీఎల్‌కు డిపాజిట్ కట్టడం, వాళ్ల మనుషులు రావడం కలిపి ఐదు వారాలు. మే నెలంతా దీనికే పోయింది. ఒప్పందం కోసం ఆగకుండా ముందే స్తంభాల కాగితం మొదలుపెడితే ఆ నెల మిగులుతుంది.

జూన్ రెండో వారంలో తవ్వకం మొదలైంది. నైరుతి వానలు మొదలయ్యే సమయం, అందుకని ఒకేసారి 20 మీటర్లకు మించి తవ్వవద్దని రాతపూర్వకంగా అడిగాం. తవ్విన గుంతలో వాన నిండితే అడుగు మన్ను మెత్తబడుతుంది, దాన్ని తీసి ఇసుకతో నింపాలి, ఖర్చు పెరుగుతుంది. వర్క్ ఆర్డరులో లేకపోయినా ఏఈ గారు ఒప్పించారు.

ఇక కాంక్రీటు. కమిటీ అవసరం అన్నిటికంటే ఎక్కువ ఇక్కడే. కాలువ అడుగు, గోడలు 15 సెం.మీ. మందం. మీటరుకు పట్టే కాంక్రీటు 0.36 ఘనమీటర్లు. ఎం20 రకం కాంక్రీటు, అంటే సిమెంటు ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర. ఘనమీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు. పది మీటర్లు పోస్తే 29 బస్తాలు ఖాళీ కావాలి. ఈ ఒక్క లెక్క కిరాణా కొట్టాయనకు నేర్పాం. ఆయన పని చేసిన ప్రతి రోజూ ఖాళీ బస్తాలు లెక్కపెట్టి నోట్‌బుక్కులో రాసి, కాంట్రాక్టరు మనిషి చేత సంతకం తీసుకున్నారు. గొడవ అవసరం లేదు, లెక్క ఉంటే చాలు. రెండో రోజు 21 బస్తాలే వచ్చాయి. నోట్‌బుక్కు చూపించగానే మర్నాటి నుంచి సరిపోయాయి. సిమెంటు తక్కువ పడిన గోడను ఏఈ గారు పగలగొట్టించి మళ్లీ పోయించారు.

ఇంకేం తప్పుగా జరుగుతాయో చెబుతాను. కమ్మీల వలను కింద ఇటుక ముక్కలు పెట్టి పోసేస్తారు. ఇటుక నీళ్లు పీలుస్తుంది, కమ్మీ తుప్పు పడుతుంది. సిమెంటు కవర్ బ్లాకులే పెట్టాలి. అవి లేకుండా పోయనివ్వకండి. పోసేటప్పుడు కాంక్రీటు పలచగా జారాలని నీళ్లు ఎక్కువ కలుపుతారు. బస్తాకు 27 లీటర్లు మించితే బలం తగ్గుతుంది. మిక్సరు దగ్గర గీత పెట్టిన బకెట్ ఉంచాం. గోడ పోసిన రెండో రోజే వెనక మన్ను నింపేస్తారు. కొండ వైపు మన్ను పచ్చి గోడను తోస్తుంది, సన్నని చీలికలు వస్తాయి. ఏడు రోజులు ఆగాలి. కొండ వైపు గోడలో ఒకటిన్నర మీటరుకు ఒకటి చొప్పున 50 మి.మీ. పీవీసీ గొట్టం ముక్కలు పెట్టాలి, వాటి వెనక కంకర పోయాలి. లేకపోతే నేలలో ఊరిన నీళ్లు బయటికి దారి లేక గోడను నెడతాయి. క్యూరింగు విషయంలో ఇప్పుడు మన దగ్గర దొరికేవి చాలావరకు బూడిద, స్లాగ్ కలిసిన సిమెంట్లే కాబట్టి పది రోజులు తడపాలి. తడిపే బాధ్యత ఇంటి ముందు ఇంటివాళ్లదే అని పంచుకున్నాం. గోనె పట్టాలు కప్పి పొద్దున్నా సాయంత్రం నీళ్లు. జులైలో వానలే సగం తడిపాయి. కానీ పచ్చి కాంక్రీటు మీద రాత్రి వాన పడితే సిమెంటు కొట్టుకుపోతుంది. రెండు టార్పాలిన్లు కొని వీధిలోనే ఉంచాం.

బలం పరీక్షకు మూడు కాంక్రీటు ఘనాలు, 15 సెం.మీ. ముక్కలు, ప్రతి విడతకూ తీయించాం. 28 రోజులకు వాటి బలం చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు రావాలి. ముక్క మీద తారీఖు గీసే సమయంలో కమిటీ మనిషి ఒకరు అక్కడ ఉండాలని అడిగితే ఎవరూ కాదనలేదు. సహ చట్టంలోని 2(జె) సెక్షను ప్రకారం పనిని తనిఖీ చేయడం, ధ్రువీకరించిన నమూనాలు తీసుకోవడం కూడా పౌరుడి హక్కే. మాకు ఆ దరఖాస్తు అవసరం రాలేదు, కానీ ఆ సెక్షను ఉందని మేం ఎరిగినవాళ్లమని అందరికీ తెలుసు.

కొలతల పుస్తకం, అంటే ఎం-బుక్, రాసేటప్పుడు దగ్గరుండటం ముఖ్యం. అడుగున వేసిన పరుపు కాంక్రీటు, కమ్మీలు మీద పోశాక కనబడవు. అవి కప్పేలోపే కొలవాలి. ఆ రోజుల్లో మా సర్వేయరు గారు తన పుస్తకంలో అవే కొలతలు రాసుకున్నారు. తర్వాత ఏఈ గారి పై అధికారి డీఈ గారి తనిఖీకి రెండూ సరిపోయాయి.

మూతల విషయంలో ఆలస్యమైంది. 90 సెం.మీ. పొడవు, 60 సెం.మీ. వెడల్పు, 10 సెం.మీ. మందం ఉన్న మూత 135 కిలోలు. దాన్ని తీసి పూడిక తీయాలంటే నలుగురు కష్టపడాలి, అందుకే చాలాచోట్ల ఒకసారి వేసిన మూత మళ్లీ తీయరు. వెడల్పును 45 సెం.మీ.కి తగ్గిస్తే సుమారు 100 కిలోలవుతుంది, కొక్కాలు పెడితే ఇద్దరు గడ్డపారతో జరపగలరు. పూడిక గుంటల మీద మూతలు అలా మార్పించాం. మార్పుకు మళ్లీ ఒక కాగితం, మూడు వారాలు. ఆగస్టు మధ్యలో కావలసింది సెప్టెంబరు చివరికి వెళ్లింది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నర్సాపురం వైపు తీరం దాటింది. విశాఖలో రెండు మూడు రోజులు వాన. అర్ధరాత్రి కమిటీవాళ్లం టార్చిలైట్లతో వీధిలోనే ఉన్నాం. నీళ్లు జాలీల్లోంచి కాలువలోకి దిగాయి. కాలువ పావువంతు ఖాళీగా ఉండగానే గెడ్డ వైపు పరిగెత్తింది. మధ్య వరుసలో ఒక్క ఇంట్లోకీ నీళ్లు రాలేదు. కిందివాళ్లు తెల్లవారేదాకా పడుకోలేదు, మేమూ పడుకోలేదు. తెల్లారాక పూడిక గుంటలు తెరిస్తే ఆరింటిలో నాలుగు మన్నుతో నిండి ఉన్నాయి. ఆ మన్ను కాలువలో పరుచుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఒళ్లు జలదరించింది.

ఒక్కచోట మాత్రం పని చేయలేదు. గెడ్డ మీద మా వీధికి దిగువన ఉన్న పాత తూము మరో శాఖ రోడ్డు కింద ఉంది. అక్కడ నీళ్లు నిలిచి, మా కాలువ చివరి 15 మీటర్లలో వెనక్కి ఎక్కాయి. అది మా అంచనాలో లేదు, ఉండే వీలూ లేదు. ఆ శాఖకు ఫొటోలు, మట్టాలు, తూము వైశాల్యం లెక్కతో నవంబరు మొదటి వారంలో వేరే అర్జీ పెట్టాం. ఒక కాపీ సోమవారం ప్రజల అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్‌లోనూ ఇచ్చాం.

కమిటీ మొత్తం ఖర్చు రూ.8,400. ఇంటికి రూ.200 చొప్పున. సగానికి పైగా ఆ ఇనుప ర్యాంపుకు, తర్వాత టార్పాలిన్లకు, జిరాక్సులకు. చివరి బిల్లు నవంబరులో వెళ్లింది. ఒప్పందం ప్రకారం రెండేళ్లపాటు లోపాలు వస్తే కాంట్రాక్టరే సరిచేయాలి, అప్పటిదాకా అతని డిపాజిట్‌లో కొంత ఆగి ఉంటుంది. అందుకని నోట్‌బుక్కు మూయలేదు. ఏటా మే చివర్లో, సెప్టెంబరు చివర్లో గుంటలు తెరిచి పూడిక తీయించడం, గోడలు చూసి చీలిక కనబడితే టేపు పెట్టి ఫొటో తీసి సచివాలయంలో రసీదుతో ఇవ్వడం ఇప్పుడు వరుసకొకరి బాధ్యత. వచ్చే మే నెల వంతు పై వరుసది.